మహారాజావారి గ్రామఫోను ప్లేట్లు

మన తెలుగువాళ్ళు పొట్ట చేతబట్టుకొని పరాయి ఊరు వచ్చినప్పుడు వెంట తెచ్చుకొనే సామానులో పక్కబట్టలు, ఊరగాయ జాడీలు, దేవుడి పటాలు ఉంటాయి. వీటితో బాటు ప్రతి యింటా ఎవరో ఒకరికి ఒక పిచ్చికూడా వెంటవస్తుంది. ఒకరికి పాత గ్రామఫోను ప్లేట్లు పోగుచేయడం పిచ్చి. ఇంకొకరికి ఆదివారంనాడు ఫుట్‌బాలు ఆట చూడకపోతే అన్నం సహించదు. యలహంకలో నేనెరిగిన ఒక పెద్దమనిషికి ఈ రెండూ ఉన్నాయి. జాజ్ సంగీతపు ప్లేట్లు ఎక్కడ దొరికినా బేరమాడి కొంటారు. ఏ మైదానంలో బంతి ఎగిరినా అక్కడ ఉంటారు. ఇంటిలో ఆయనను అనని మాట లేదు. పాడేవాడికి పేరు వస్తుంది, ఆడేవాడికి కప్పు వస్తుంది, వినేవాడికీ చూసేవాడికీ ఏమి వస్తుందని ఆ ఇల్లాలు అడుగుతుంది. అది తీసిపారేయదగిన ప్రశ్న కాదు.

ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ఆ ఇల్లాలి ప్రశ్నే గుర్తుకువచ్చింది. దానికి సమాధానం చెప్పగల జీవితం ఒకటి మనకు దగ్గరలోనే గడిచింది. యలహంకనుండి బళ్ళారి రోడ్డుమీద నగరంలోకి పోతూ మేఖ్రీ సర్కిలు దాటితే ప్యాలెస్ మైదానాలు కనిపిస్తాయి. పెండ్లిళ్ళకూ ఎగ్జిబిషన్లకూ మనమందరం అక్కడికి పోయినవాళ్ళమే. ఆ మైదానాల నడుమనున్న బెంగళూరు ప్యాలెస్‌లో 1974 సెప్టెంబరు 23వ తేదీన మైసూరు కడపటి మహారాజు శ్రీ జయచామరాజ ఒడయరువారు కన్నుమూశారు. అప్పటికి వారి వయస్సు యాభై అయిదేళ్ళు. దసరా అంబారీమీద ఊరేగిన రాజుగా వారిని అందరూ ఎరుగుదురు. గ్రామఫోను ప్లేట్లు పోగుచేసిన మనిషిగా ఎరిగినవారు తక్కువ.

జయచామరాజ ఒడయరువారు 1919 జూలై 18న మైసూరులో జన్మించారు. తండ్రి యువరాజు కంఠీరవ నరసింహరాజ ఒడయరు. తల్లి యువరాణి కెంపు చెలువాజమ్మణ్ణివారు. ఆనాడు సింహాసనంమీద ఉన్నది పెదతండ్రి నాల్వడి కృష్ణరాజ ఒడయరు. ఆయనకు సంతానం లేదు. కాబట్టి తండ్రి తరువాత రాజ్యం తనకు వస్తుందని పిల్లవాడికి తెలుసు. కాని దానికి చాలా కాలముందని అందరూ అనుకొన్నారు. పెదతండ్రిగారి కొలువులో కర్ణాటక విద్వాంసులతో బాటు పాశ్చాత్య వాద్యబృందంకూడా ఉండేది. ఆటో ష్మిట్ అనే జర్మనుదేశస్థుడు ఆ బృందాన్ని నడిపేవాడు. ఒక గదిలో వీణ, మరొక గదిలో పియానో మ్రోగే ఇంట్లో ఈ పిల్లవాడు పెరిగాడు. వీణ వేంకటగిరియప్పగారి దగ్గర వీణ నేర్చుకొన్నాడు, పియానోకూడా నేర్చుకొన్నాడు. చెల్లెలు విజయాదేవిగారు సైతం పియానో నేర్చి, పాశ్చాత్య సంగీతంలో మంచి పేరు తెచ్చుకొన్నారు.

1938లో మైసూరు మహారాజా కళాశాలలో పట్టభద్రులయ్యారు. బంగారు పతకాలు సంపాదించారు. 1939లో ఐరోపాకు వెళ్ళివచ్చారు. లండనులో అనేక సంగీత సంస్థలనూ, కళాకారులనూ చూశారు. అప్పటికి వారి మనస్సులోని కోరిక ఒక్కటే: కచేరీలలో పియానో వాయించే కళాకారుడు కావాలని. సరదాకు కాదు, వృత్తిగానే. రాజకుమారుడు వేదికనెక్కి నలుగురి ముందు వాయించడం ఆ రోజులలో వింతగానే ఉండేది. వారు మాత్రం దానికి తగిన సాధన చేశారు. లండనులోని గిల్డ్‌హాల్ సంగీత పాఠశాల వారి లైసెన్షియేట్ పట్టం పొందారు. 1945లో ట్రినిటీ సంగీత కళాశాలవారు గౌరవ ఫెలోషిప్ ఇచ్చారు.

అయితే 1940లో అంతా తలక్రిందులైంది. మార్చి 11న తండ్రి పోయారు. ఆగస్టు 3న పెదతండ్రి పోయారు. అయిదు నెలలైనా గడవకముందే ఇంటిలో ఇద్దరు పెద్దలు లేరు. సెప్టెంబరు 8న ఇరవైయొక్కేళ్ళ కుర్రవాడు మైసూరు సింహాసనంమీద కూర్చున్నాడు. చాలామందికి పదవి రావడం అదృష్టం. వీరికి మాత్రం పదవితోనే పియానో బల్ల దూరమైంది. దీనిని గూర్చి ఎవరికీ జాలి కలగనవసరం లేదు, రాజ్యం పోగొట్టుకొన్నవారు కారు గదా! కాని కోరిన పని ఒకటి, చేతికి వచ్చిన పని ఒకటి కావడమంటే ఏమిటో, వయస్సుతో నిమిత్తం లేకుండా మనలో చాలామందికి తెలుసు.

అటువంటప్పుడు మనిషి వినేవాడుగా మిగులుతాడు. మహారాజావారు ప్లేట్లు పోగుచేయడం పట్టుకొన్నారు.

ఆనాటి ప్లేట్లను గూర్చి నేటి పిల్లలకు కొంచెం చెప్పాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్లటి పళ్ళెం అది. పన్నెండు అంగుళాల ప్లేటుమీద ఒక్కొక్క వైపు నాలుగు, అయిదు నిమిషాల సంగీతం పట్టేది. అరగంట పైబడి సాగే పెద్ద రచన ఏదైనా వినాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. నాలుగు నిమిషాలకొకసారి లేచి ప్లేటు త్రిప్పాలి, ముల్లు మార్చాలి. సంగీతం మంచి పట్టులో ఉండగా తెగిపోతుంది. చెయ్యిజారితే ప్లేటు పెంకులవుతుంది. ఆ ప్లేటుకు ముఖ్యమైన సరుకు లక్క. మన దేశపు అడవులలో చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు పెట్టే ఆ లక్కే ఓడలెక్కి సీమకు పోయి, అక్కడి పాటను వంటిమీద చెక్కించుకొని, తిరిగి ఓడలెక్కి మన రేవుకు వచ్చేది. ఓడ దిగిన పెట్టె రైలెక్కాలి; పెట్టెలో ప్లేట్లు పగలకుండా చేరాలి. పార్సిలు ఆఫీసులో పని చేసినవాడికి అందులో ఉన్న సాహసం తెలుస్తుంది.

ఇటువంటి ప్లేట్లు మహారాజావారి దగ్గర 1950 నాటికి సుమారు ఇరవై వేలు ఉండేవని అంచనా. తలుచుకొంటే ఆ లెక్క అందదు. రోజుకు పది ప్లేట్ల చొప్పున రెండు వైపులా విన్నా ఒకసారి చుట్టి రావడానికి అయిదేళ్ళు దాటుతుంది.

పోగుచేసేవాళ్ళలో రెండు రకాలు. ఇతరుల దగ్గర ఉన్నవి తమ దగ్గరకూడా ఉండాలనేవారు ఒక రకం. ఇతరులు పట్టించుకోనిదానిని వెదికి పట్టుకొని, ఇంత మంచిది మరుగున పడిపోతున్నదే అని నిద్రపట్టనివారు రెండవ రకం. మహారాజావారు రెండవ రకం. వారికి నిద్రపట్టనీయని పేరు నికొలాయ్ మెట్నరు.

మెట్నరు 1880లో మాస్కోలో పుట్టిన సంగీత రచయిత, గొప్ప పియానో వాద్యకారుడు. రఖ్మానినోవ్ అనే సుప్రసిద్ధునకు స్నేహితుడు. రష్యాలో విప్లవం వచ్చిన తరువాత 1921లో దేశం విడిచిపోయాడు. జర్మనీలో, ఫ్రాన్సులో ఉండి, చివరకు 1930ల నడుమ భార్యతో లండను చేరాడు. ఆయన రచనలు పాత పద్ధతిలో సాగేవి. లోకం కొత్త పద్ధతుల వెంట పోయింది. యుద్ధం రాగానే జర్మనీలోని ప్రచురణకర్తలనుండి వచ్చే డబ్బు ఆగిపోయింది. గుండె జబ్బు వచ్చింది. పరదేశంలో ముసలితనం, చేతిలో డబ్బు లేకపోవడం, తన పని తనతోనే మట్టిలో కలుస్తుందనే దిగులు. ఇవి మూడూ కలిసివస్తే ఎట్లుంటుందో వలసపోయిన కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ స్థితిలో ఆయనకు మైసూరు మహారాజునుండి కబురు అందింది. ఆయన రచనలను ఆయనచేతనే వాయింపించి రికార్డు చేయించడానికి అయ్యే ఖర్చు తాను భరిస్తానని మహారాజావారు ముందుకు వచ్చారు. కొనేవాళ్ళు లేని సంగీతానికి కంపెనీవారు డబ్బు పెట్టరు, అది వ్యాపారం. పెట్టినవాడు ఏడు సముద్రాల ఇవతల ఉన్న ఒక వినేవాడు. దీనికోసమే మెట్నరు సొసైటీ అని ఒకటి ఏర్పడింది. 1947లో ఆ వృద్ధుడు లండనులోని ఫిల్హార్మోనియా వాద్యబృందంతో కూర్చుండి, పియానోకై తాను వ్రాసిన మూడు కాన్‌చెర్టోలనూ వాయించాడు. అప్పటికి ఆయనకు అరవైయేడేళ్ళు. తరువాత చిన్న రచనలు, పాటలుకూడా రికార్డయ్యాయి. 1950లో ప్రఖ్యాత గాయని ఎలిజబెత్ ష్వార్‌ట్స్‌కోఫ్ పాడగా మెట్నరు స్వయంగా పియానో సహకారం చేశాడు. 1951 నవంబరు 13న ఆయన చనిపోయాడు. అంటే ఈ పని ఇంకొక నాలుగేళ్ళు వెనుకబడితే, రచయిత స్వహస్తాలతో వాయించిన ఆ కాన్‌చెర్టోలు లోకానికి దక్కేవి కావు. మూడవ కాన్‌చెర్టోను మెట్నరు మైసూరు మహారాజావారికి అంకితమిచ్చాడు.

ఆ రోజులలోనే వాల్టర్ లెగ్ అనే రికార్డింగు నిర్వాహకుడు మైసూరు వచ్చాడు. ఫిల్హార్మోనియా వాద్యబృందాన్ని 1945లో స్థాపించినవాడు ఈయనే. ముప్పై నిండని మహారాజునూ, గదుల నిండా ప్లేట్లనూ, రకరకాల ధ్వనియంత్రాలనూ, పెద్ద పెద్ద పియానోలనూ చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఆయన తిరిగిపోయే లోపల మహారాజావారు మెట్నరు రికార్డుల ఖర్చుతో బాటు, ఆ వాద్యబృందమూ దాని కచేరీల సంఘమూ నిలదొక్కుకోవడానికి ఏటికి పదివేల పౌన్ల చొప్పున మూడేళ్ళు ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. 1948లో ఆ కచేరీల సంఘానికి మొదటి అధ్యక్షులయ్యారు. ఆ సొమ్ముతోనే, అమ్ముడుపోవని ఇతరులు వదిలేసిన రచనలు కొన్ని ప్లేట్లకెక్కాయి. 1949లో హెర్బర్ట్ ఫాన్ కరయాన్ నడిపించిన బాలకిరెవ్ సింఫనీ, రూసెల్ నాలుగవ సింఫనీ అటువంటివి. కరయాన్ పేరు తరువాత ఎంత పెద్దదైందో పాశ్చాత్య సంగీతం వినేవారికి తెలుసు.

గుమాస్తాను కాబట్టి లెక్క వేయక ఉండలేను. అప్పటి మారకంలో పౌనుకు పదమూడు రూపాయల అయిదణాల చిల్లర. పదివేల పౌన్లంటే లక్షా ముప్పైమూడు వేల రూపాయలు. మూడేళ్ళకు నాలుగు లక్షలు. కరువు జిల్లాలున్న సంస్థానపు రాజు లండనులోని వాద్యగాళ్ళకు ఇంత ఇవ్వవచ్చునా? మెట్నరు వాయించిన 1947లోనే మైసూరు వీధులలో బాధ్యతాప్రభుత్వంకోసం జనం జెండాలు పట్టుకొని నిలబడ్డారు, జైళ్ళు నిండాయి. మహారాజావారు అక్టోబరులో ఒప్పుకొన్నారు, కె. సి. రెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. కాని జనం అడిగిన మొదటి దినమే ఒప్పుకోలేదు. ఈ సంగతి దాచిపెట్టి పొగడ్త వ్రాయడం నాకిష్టం లేదు. రాజుగారి పెట్టె అన్నా, దానిలో పడినది రైతు చెమటేగదా. ఆ డబ్బుతో ఎన్ని చెరువులు పూడిక తీయవచ్చునో అని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే సంస్థానాధీశులలో చాలామంది అంతకు మించిన డబ్బును గుర్రాలమీదా, మోటారుకార్లమీదా, రత్నాలమీదా పెట్టారు. వాటిలో ఎదుటివాడికి దక్కినది ఏమీ లేదు. ఇక్కడ ఒక ముసలి కళాకారుడి జీవితకాలపు పని దక్కింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన ఉంచుతున్నాను, తూకం పాఠకులదే.

రాజ్యం విషయంలో మాత్రం వారు పట్టుదలకు పోలేదు. 1947 ఆగస్టులో భారతదేశంలో చేరడానికి సంతకం చేశారు. 1950 జనవరి 26నుండి మైసూరుకు రాజప్రముఖులుగా ఉన్నారు. ఆంధ్రరాష్ట్రం అవతరించిన 1953 అక్టోబరు 1న బళ్ళారి ప్రాంతపు తాలూకాలు మైసూరుకు వచ్చినప్పుడు రాజప్రముఖులు వీరే. ఆదవాని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. ఆ తాలూకాలనుండి వచ్చిన కుటుంబాలు మన సంఘంలోనే ఉన్నాయి. మైసూరు స్టేట్ రైల్వే 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసింది. 1956లో విశాల మైసూరు ఏర్పడినప్పటినుండి 1964 దాకా ఆ రాష్ట్రానికి గవర్నరు. పిదప 1966 దాకా మద్రాసు గవర్నరు. ఏలిన సింహాసనమే చివరకు జీతపు ఉద్యోగమైంది. వారు ఆ ఉద్యోగం మర్యాదగా చేశారు.

మళ్ళీ ప్లేట్ల సంగతికి వస్తాను. 1950లో జరిగినది నాకు అన్నిటికంటె నచ్చిన కథ. రిషార్డ్ స్ట్రావుస్ అనే జర్మను మహారచయిత తన ఎనభైనాలుగవ యేట 1948లో నాలుగు పాటలు వ్రాశాడు. వాటిని ఎవరూ పాడకముందే 1949లో పోయాడు. ముసలితనాన్నీ, సాయంకాలాన్నీ, మరణాన్నీ గూర్చిన పాటలవి. కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ అనే నార్వే గాయనిచేత అవి మొదటిసారిగా 1950 మే 22న లండనులోని రాయల్ ఆల్బర్టు హాలులో పాడించడానికి ఏర్పాటయింది. ఫిల్హార్మోనియా బృందాన్ని నడిపించినది ఫుర్ట్‌వెంగ్లర్. ఆ కచేరీకి నష్టం వస్తే భరించడానికి 4,800 డాలర్ల హామీ ఇచ్చినది మైసూరు మహారాజావారు. అప్పటి మారకంలో అది ఇరవైరెండువేల రూపాయల పైచిలుకు. అందుకు వారు కోరుకొన్నది తమ ప్లేట్ల బీరువాలో చేర్చుకోవడానికి ఆ పాటల రికార్డు ఒకటి. హాలులో వేలమంది విన్నారు. డబ్బిచ్చిన మనిషి అక్కడ లేరు; ఓడమీద పెట్టె వచ్చేదాకా మైసూరులో ఎదురుచూశారు.

ఆ కచేరీనాటి ధ్వని ఒకటి నేటికీ మిగిలి ఉన్నది. వేరుశనగకాయలు వేయిస్తున్నట్లు చిటపటలు, వెనుకనెక్కడో పాట. అయినా ఆ పాటలు లోకానికి మొదటిసారి ఎట్లా వినిపించాయో తెలిసేది దానివల్లనే.

ఇదంతా విని, మహారాజావారు సీమ సంగీతపు మోజులో మన సంగీతాన్ని మరిచారని ఎవరైనా అనుకొంటే పొరపాటు. సంగతి దానికి తలక్రిందులు. మైసూరు వాసుదేవాచార్యులవారి దగ్గర వారు కర్ణాటక సంగీతంలోని లోతులు నేర్చుకొన్నారు. ఆచార్యులవారు కన్నడదేశస్థులు, కాని కీర్తనలు కట్టినది ఎక్కువగా తెలుగులోనూ సంస్కృతంలోనూ. వారి గురువు పట్నం సుబ్రహ్మణ్యయ్యరు. ఆయన గురువు మానంబుచావడి వేంకటసుబ్బయ్య త్యాగరాజస్వామికి శిష్యుడు. 1980లో వచ్చిన శంకరాభరణం చిత్రంలో మనవాళ్ళందరూ కన్నీళ్ళతో విన్న ఖమాస్ రాగ కీర్తన వాసుదేవాచార్యులవారిదే. అది త్యాగరాజకృతి అని మన సభలలోనే ఇద్దరు ముగ్గురు నాతో వాదించారు. ఆచార్యులవారు 1865లో పుట్టి 1961 దాకా జీవించారు. ఈ గురువుగారి చలువ వల్ల ప్లేట్లు వినే మహారాజు తానే వాగ్గేయకారుడయ్యాడు. శ్రీవిద్య అనే ముద్రతో సంస్కృతంలో తొంభైనాలుగు కృతులు రచించారు. ఒక్కొక్క కృతికి ఒక్కొక్క రాగం. వాడిన రాగం మళ్ళీ వాడలేదు. అఠాణాలోని గణపతి కృతిని నేటికీ కచేరీలలో పాడుతున్నారు. 1966లో సంగీత నాటక అకాడెమీ వారికి ఫెలోషిప్ ఇచ్చింది.

పియానో వేదికనెక్కలేని కోరిక ఇట్లా తీర్చుకొన్నారా అంటే నేను చెప్పలేను. లోపలి మాట వారికే తెలియాలి. పోగుచేసేవాడు క్రమంగా ఎంచడం నేర్చుకొంటాడు, ఎంచడం నేర్చినవాడికి తన చేతి పనిలోకూడా చప్పనిది నిలవదు. ఇది నా ఊహ.

ఆటల సంగతి కొంచెమే చెప్తాను. మా యలహంక పెద్దమనిషి అడిగారు కాబట్టి. ఫుట్‌బాలుతో మహారాజావారికి ప్రత్యేకమైన సంబంధం నాకు కనబడలేదు, ఆయన నిరాశపడ్డారు. కాని వారు మంచి ఆశ్వికులు, టెన్నిస్ ఆటగాళ్ళు, గురి తప్పని వేటగాళ్ళు. రామనాథన్ కృష్ణన్ వింబుల్డన్ పోవడానికి సహాయం చేశారంటారు. ప్రసన్న అనే బెంగళూరు కుర్రవాడిని వెస్టిండీసు పంపడానికి తండ్రి వెనుకాడితే, మహారాజావారు మాట వేసి ఒప్పించారనికూడా చెప్పుకొంటారు. ఆ ప్రసన్న తరువాత స్పిన్ బౌలింగులో ఎంతటివాడయ్యాడో చెప్పనక్కరలేదు. ఇక్కడకూడా అదే గుణం: బాగా చేయగలవాడు ఎదురుపడితే, వాడి దారిలోని రాయి తీసివేయాలి.

1971లో రాజభరణాలు రద్దయ్యాయి. మైసూరుకు ఏటా వచ్చే ఇరవైయారు లక్షలు ఆగిపోయాయి. మూడేళ్ళకు మహారాజావారు పోయారు. మెట్నరు పేరు అప్పటికి చాలామంది మరిచిపోయారు. తరువాత కొన్నేళ్ళకు లండనులో ఆ పాత ప్లేట్లనుండి ధ్వనిని శుభ్రం చేసి కాంపాక్టు డిస్కులుగా మళ్ళీ విడుదల చేశారు. ఈనాడు మెట్నరు వాయించేవారు అనేక దేశాలలో ఉన్నారు; రచయిత మనస్సులో ఏముండినదో తెలుసుకోవడానికి వాళ్ళు పోయి వినేది 1947 నాటి ఆ ప్లేట్లనే.

మొన్న ఒక ఆదివారం యలహంక పెద్దమనిషిగారింట్లో నాకు మూడవ కాన్‌చెర్టో వినే అవకాశం కలిగింది. టెలివిజన్‌లో ఫుట్‌బాలు ఆట నడుస్తున్నది. ఆయన దాని శబ్దం పూర్తిగా తగ్గించి ఈ సంగీతం పెట్టారు. నాకు సగం అర్థం కాలేదు, దాచడమెందుకు. మొదట నెమ్మదిగా, ఎవరో చీకటిలో దారి వెదుక్కొంటున్నట్లు ఉన్నది. ఆ ఇంటి ఇల్లాలు కాఫీ తెచ్చి, ఎవరిదీ వాయింపు అని అడిగింది. ఆయన మెట్నరు సంగతి, మహారాజావారి సంగతి చెప్పారు. ఆమె కాసేపు నిలబడి విన్నది. తరువాత, ఆ ముసలాయన భార్యకు చివరకు ఇల్లు గడవడానికి ఏమైనా మిగిలిందా అని అడిగింది. మా ఇద్దరికీ జవాబు తెలియలేదు. తెరమీద గోలు పడింది, ఎవరమూ చూడలేదు.